స్టోమా చుట్టూ పుట్టే పుండు: కత్తి తగలకూడని గాయం

స్టోమాకు నొప్పి తెలియదు. పొట్ట మీదికి తెచ్చి కుట్టిన ఆ పేగు కొన చూడడానికి నోటి లోపలి పొరలా ఎర్రగా, తడిగా ఉంటుంది. తుడిచేటప్పుడు కాస్త నెత్తురు అంటినా మనిషికి బాధ కలగదు, ఎందుకంటే చర్మానికి ఉండే రకం స్పర్శ నరాలు పేగుకు లేవు. బాధంతా దాని చుట్టూ ఉన్న చర్మానిది. అందువల్ల కొలోస్టమీ (పెద్దపేగు కొనను బయటికి తెచ్చేది) గానీ ఇలియోస్టమీ (చిన్నపేగు చివరి భాగాన్ని బయటికి తెచ్చేది) గానీ చేయించుకుని కొన్ని నెలలో, కొన్నేళ్లో ఇబ్బంది లేకుండా గడిపిన మనిషి, ఒక్కసారిగా మలం పట్టే బ్యాగు దగ్గర చెయ్యి కూడా వేయనివ్వడం లేదంటే, రాత్రి అటు తిరిగి పడుకోలేకపోతున్నాడంటే, తప్పు ఎక్కడో చర్మంలో మొదలైందని అర్థం. ఆ నొప్పి ఏ రకం పుండు నుంచి వస్తున్నదో తేల్చడం మీదనే తర్వాతి చికిత్స అంతా ఆధారపడి ఉంటుంది. ఒక రకం పుండుకు మేలు చేసే పని మరో రకం పుండును రెట్టింపు చేస్తుంది.

స్టోమా ఉన్నవారిలో ఎక్కువ మందికి వచ్చే చర్మబాధ పుండు కాదు, ఒరుపు. ఇలియోస్టమీ నుంచి వచ్చే ద్రవంలో మాంసకృత్తులను కరిగించే జీర్ణరసాలు ఇంకా పనిచేసే స్థితిలోనే ఉంటాయి. పేగు లోపల అన్నాన్ని అరిగించవలసిన ఆ రసం బ్యాగు ప్లేటు (బ్యాగును చర్మానికి అంటించి ఉంచే జిగురు పలక) కిందికి జారితే చర్మాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. పెద్దపేగు చివరి భాగం నుంచి వచ్చే గట్టి మలానికి ఈ గుణం తక్కువ కాబట్టి కొలోస్టమీ వారికి ఈ బాధ తక్కువ. కారణం చాలాసార్లు చిన్నదే. శస్త్రచికిత్స అయిన తొలి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తగ్గి స్టోమా చిన్నదవుతుంది, ఆసుపత్రిలో మొదటిరోజు కత్తిరించి ఇచ్చిన కొలతనే ఇంట్లో వాడుతూ పోతారు, ప్లేటు రంధ్రానికీ స్టోమాకూ మధ్య వేలెడు చర్మం బయట మిగిలిపోతుంది. రంధ్రం స్టోమా కన్నా చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్లకు మించి పెద్దదిగా ఉండకుండా మళ్లీ కొలిచి కత్తిరిస్తే, కారడం ఆగితే, ఒరిసిపోయిన చర్మం కొద్దిరోజుల్లోనే ఆరిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోవలసిన గీటురాయి: కారడం ఆపినా మానని పుండు ఒరుపు కాదు.

అలా మానని వాటిలో అత్యంత బాధాకరమైనది, అతి తరచుగా పొరబడేది పయోడెర్మా గాంగ్రినోసం. స్టోమా పక్కన వచ్చినప్పుడు దీనిని పెరిస్టోమల్ పయోడెర్మా గాంగ్రినోసం అని ప్రత్యేకంగా పిలుస్తారు. మొదట ప్లేటు అంటే చోట చీము పొక్కు లాంటి చిన్న ఎర్రటి బుడిపె కనిపిస్తుంది. బ్యాగు మార్చేటప్పుడు ఏదో గీసుకుందనో, వెంట్రుక మూలం చీము పట్టిందనో అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో అది చితికి గుంటవుతుంది. వారం తిరిగేసరికి ఆ గుంట రూపాయి బిళ్లంత కావచ్చు. దాని అంచు వంకాయ రంగుకు తిరుగుతుంది, ఆ అంచు కింద పుండు లోపలికి తొలుచుకుపోయి ఉంటుంది. దూదిపుల్లను మెల్లగా అంచు కిందికి పోనిస్తే పైకి కనిపించే పుండు కన్నా లోపలి పుండు పెద్దదని తెలుస్తుంది. కొందరిలో రెండు మూడు గుంటల మధ్య సన్నని చర్మపు వంతెనలు మిగిలిపోతాయి. అడుగున పసుపు పచ్చని పొర, చీము. నొప్పి మాత్రం పుండు సైజుకు పొంతన లేనంత ఎక్కువ. ‘ఇంత చిన్నదానికి ఇంత నొప్పా’ అని చూసేవారికి అనిపించే ఆ పొంతన లేకపోవడమే ఈ వ్యాధిని గుర్తించడానికి ఒక బలమైన ఆధారం. రోగి ఓర్చుకోలేకపోతున్నాడని దానిని కొట్టిపారేయడం వైద్యపరంగా కూడా తప్పే.

ఈ వ్యాధికి ఆ పేరు పెట్టడంలోనే ఒక పొరపాటు దాగి ఉంది. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బ్రన్‌స్టింగ్, గోకర్‌మన్, ఓలియరీ అయిదుగురు రోగులను వర్ణిస్తూ, చీము పుట్టించే సూక్ష్మజీవుల వల్ల చర్మం కుళ్లుతున్నదని భావించి ఈ పేరు పెట్టారు. ఆ అయిదుగురిలో నలుగురికి పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. తర్వాతి దశాబ్దాల్లో తేలిందేమంటే ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చే వ్యాధి కాదు, రక్తప్రసారం ఆగి కుళ్లే గాంగ్రిన్ కూడా కాదు. ఒంటిని కాపాడవలసిన తెల్లరక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ శత్రువు లేని చోటికి గుంపుగా వచ్చి చర్మాన్నే కరిగిస్తాయి. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఆ పాత పేరు, పుండు మీది చీము కలిసి నేటికీ యాంటీబయాటిక్ చీటీలు రాయిస్తున్నాయి. స్టోమా చుట్టూ ఇదే వ్యాధి వస్తుందని వైద్య పత్రికల్లో మొదటిసారి నమోదైంది 1984లో.

స్టోమా చుట్టూనే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు ‘పాథర్జీ’ అనే లక్షణంలో ఉంది. ఆరోగ్యవంతుడి చర్మం మీద గీరుకుంటే అది మానుతుంది. ఈ వ్యాధికి లోనయ్యే మనిషి చర్మం మీద అదే గీరు పుండుగా మారుతుంది. సూది గుచ్చిన చోట, కుట్టు వేసిన చోట, జిగురు పట్టీ లాగిన చోట కొత్త పుండు లేవవచ్చు. స్టోమా చుట్టూ ఉన్న చర్మానికి అటువంటి దెబ్బలు ప్రతి రెండు మూడు రోజులకు ఒకసారి తగులుతూనే ఉంటాయి: ప్లేటు అంటించడం, లాగడం, తుడవడం, మధ్యలో మలం తగలడం, బెల్టు ఒత్తిడి. దీనికి ముందునుంచే న్యూట్రోఫిల్స్ రెచ్చిపోయే శరీరతత్త్వం తోడవుతుంది. అందుకే ఇది ఎక్కువగా పేగు వాపు వ్యాధులైన క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారిలో కనిపిస్తుంది. అయితే క్యాన్సర్ వల్లనో, పెద్దపేగు గోడకు తిత్తులు ఏర్పడడం వల్లనో స్టోమా పెట్టించుకున్నవారికి కూడా రావచ్చు. పేగు వ్యాధి పూర్తిగా నెమ్మదించి ఉన్న సమయంలోనూ రావచ్చు. ‘మీ పేగు బాగానే ఉంది, కాబట్టి ఇది అది కాదు’ అన్న తర్కం చెల్లదు.

పాథర్జీని అర్థం చేసుకుంటే ఈ వ్యాసంలోని ప్రధాన హెచ్చరిక దానంతటదే అర్థమవుతుంది. చీము పట్టి, అంచులు నల్లబారి, అడుగున చచ్చిన కణజాలం కనిపించే ఏ గాయాన్ని చూసినా శస్త్రవైద్యుడి చెయ్యి సహజంగా కత్తి వైపు పోతుంది. చచ్చినదాన్ని కోసి తీసేసి శుభ్రం చేయడం ఆయన చదువులో మొదటి పాఠం. మధుమేహ రోగి కాలి పుండుకు ఆ పని ప్రాణం నిలబెడుతుంది. ఈ పుండుకు మాత్రం కోత అంటే కొత్త గాయం, కొత్త గాయం అంటే ఇంకా పెద్ద పుండు. కోసిన మూడు నాలుగు రోజులకు అంచులు మళ్లీ వంకాయ రంగు తిరిగి, పుండు రెట్టింపైతే, ఇన్‌ఫెక్షన్ ఇంకా పోలేదనుకుని మళ్లీ కోస్తారు. మధ్యలో పుండు నుంచి తీసిన చీమును పరీక్షకు పంపితే ఏదో ఒక సూక్ష్మజీవి పెరగనే పెరుగుతుంది, ఎందుకంటే మలం తగిలే చోట తెరిచి ఉన్న ఏ గాయం మీదైనా సూక్ష్మజీవులు కాపురముంటాయి. రిపోర్టులో పేరు కనిపించింది కాబట్టి మరింత ఖరీదైన యాంటీబయాటిక్ మొదలవుతుంది. వారాలు గడిచిపోతాయి. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ ఉండనక్కరలేదు; అరుదైన వ్యాధి మామూలు వ్యాధి వేషం వేసుకుని వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. అయితే దాని మూల్యం చెల్లించేది రోగి చర్మం. కోసినకొద్దీ పెరుగుతున్న పుండు విషయంలో మూడోసారి కత్తి పట్టకముందు ఒక చర్మవ్యాధి నిపుణుడి కంటికి చూపించడం కనీస న్యాయం.

అలాగని చీము పుండునంతా పయోడెర్మా అనుకుని, దానిని అణచే స్టెరాయిడ్ ఇవ్వడం అంతకన్నా ప్రమాదం. ఈ వ్యాధిని ఖాయం చేసే రక్తపరీక్ష ఏదీ లేదు. మిగతా కారణాలను ఒక్కొక్కటిగా పక్కకు పెట్టుకుంటూ రావాలి. మన దేశంలో ఆ వరుసలో మొదట నిలిచేది క్షయ. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి ఒకదానినొకటి ఎంతగా పోలి ఉంటాయంటే అనుభవజ్ఞులైన జీర్ణకోశ వైద్యులు కూడా వాటిని విడదీయడానికి నెలలు తీసుకుంటారు. స్టోమా అంచున వచ్చిన పుండు క్షయదే అయినప్పుడు స్టెరాయిడ్ ఇస్తే నిప్పుకు గాలి తోడైనట్టే. క్రోన్స్ వ్యాధి నేరుగా చర్మంలోకి పాకి పుండు కావచ్చు. ఏళ్ల తరబడి ఉన్న స్టోమా అంచున గడ్డగా లేచి పుండుపడేది క్యాన్సర్ కావచ్చు. లోపలికి ముడుచుకుపోయిన స్టోమాకు వాడే ఉబ్బెత్తు ప్లేటు ఒకే చోట గట్టిగా ఒత్తితే ఒత్తిడి పుండు పడుతుంది; దాని ఆకారం ప్లేటు అంచు ఆకారాన్నే పోలి ఉండటం దాని గుర్తు. కాలేయం చెడినవారిలో స్టోమా చుట్టూ నీలి రక్తనాళాలు ఉబ్బుతాయి, వాటి జోలికి పోతే నెత్తురు ధారకడుతుంది. మరొకటి చాలామందికి తట్టదు: గుండెనొప్పికి వాడే నికోరాండిల్ అనే మాత్ర కొందరిలో నోటిలో, మలద్వారం దగ్గర, స్టోమా చుట్టూ లోతైన పుండ్లు పుట్టిస్తుంది. ఆ పుండు ఏ పూతకూ మానదు. గుండె వైద్యుడి సలహాతో ఆ మాత్ర ఆపితేనే మానుతుంది. అందుకే పుండు చూపించడానికి వెళ్లేటప్పుడు పేగుకు సంబంధం లేని మందుల చీటీలు కూడా వెంట తీసుకువెళ్లాలి.

ఈ వడపోతకు పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించక తప్పదు. గాయం చేయకూడదని చెబుతూనే ముక్క కోయమనడం వైరుధ్యంగా కనిపిస్తుంది, నిజానికి కొంత వైరుధ్యమే. అయినా క్షయను, క్యాన్సర్‌ను చూడకుండా వదిలేసే ప్రమాదంతో పోలిస్తే ఒక చిన్న ముక్క వల్ల వచ్చే ప్రమాదం తక్కువ. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ప్రకటించిన ప్రమాణాల్లో పుండు అంచు ముక్కలో న్యూట్రోఫిల్స్ గుంపు కనిపించడాన్ని ప్రధాన ప్రమాణంగా పెట్టారు. దానికి తోడు ఎనిమిది ఉప ప్రమాణాల్లో కనీసం నాలుగు ఉండాలన్నారు. పాథర్జీ, పేగు వాపు వ్యాధి ఉండటం, పొక్కుగా మొదలై నాలుగు రోజుల్లోపు పుండు కావడం, వ్యాధి నిరోధక చర్యను అణచే మందు మొదలుపెట్టిన నెలలోపు పుండు తగ్గడం వంటివి వాటిలో ఉన్నాయి. ముక్కలో కొంత భాగాన్ని సూక్ష్మజీవుల పరీక్షకు, ముఖ్యంగా క్షయ పరీక్షకు పంపమని అడగడం రోగి బంధువులు కూడా చేయగల పని.

వ్యాధి ఖాయమైన తర్వాత చికిత్సకు రెండు పాయలు ఉంటాయి: రెచ్చిపోయిన కణాలను శాంతపరచడం, పుండు మీద మలం పడకుండా చూడడం. ఏ ఒక్కటి వదిలినా రెండోది పనిచేయదు. ఒంటి మీద మరెక్కడ ఈ పుండు వచ్చినా మందు రాసి కట్టు కట్టి వదిలేయవచ్చు. స్టోమా పక్కన వచ్చిన పుండు సరిగ్గా బ్యాగు అంటవలసిన చోటే ఉంటుంది. మందు రాస్తే ప్లేటు అంటదు, ప్లేటు అంటకపోతే కారుతుంది, కారితే పుండు పెరుగుతుంది. ఈ పుండు చికిత్సలోని కష్టమంతా ఈ ముడిలోనే ఉంది.

అందుకే ఇక్కడ మందు పేరు ఎంత ముఖ్యమో, మందు ఏ రూపంలో ఉందన్నది అంత ముఖ్యం. బలమైన స్టెరాయిడ్ పూతల్లో క్లోబెటసాల్ సాధారణంగా వాడేది. మందుల దుకాణంలో అడిగితే చేతికి వచ్చేది జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్. దానిని రాస్తే ఆ పూటే ప్లేటు ఊడిపోతుంది. అదే మందు తలకు రాసుకునే లోషన్ రూపంలో దొరుకుతుంది. పుండు మీద కొన్ని చుక్కలు వేసి ఆరనిస్తే జిడ్డు మిగలదు. రోగనిరోధక చర్యను అణచే టాక్రోలిమస్ అనే మందు విషయంలో బ్రిటన్ వైద్యులు మరో దారి తొక్కారు. నోటి పుండ్లకు వాడే, తడి మీద కూడా అంటుకునే కార్మెలోస్ పేస్టులో 0.3 శాతం టాక్రోలిమస్ కలిపి స్టోమా చుట్టూ పూశారు. 2001లో వెలువడిన వారి పరిశీలనలో ఇది క్లోబెటసాల్ కన్నా మెరుగ్గా, ముఖ్యంగా 2 సెంటీమీటర్లు దాటిన పుండ్ల మీద, పనిచేసింది. పేస్టు జిగురుదే కాబట్టి ప్లేటు దాని మీద నిలిచింది. పుండు అంచులోకి ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ సూదిమందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది. ఒక్కో సూదిపోటూ పాథర్జీకి అవకాశమే కాబట్టి దీనిని అనుభవం ఉన్న చేతులకే వదిలేయాలి.

జిగురు మాట వచ్చింది కాబట్టి తెలుగు నేలకు సంబంధించిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1952లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో శస్త్రవైద్యుడు రూపర్ట్ టర్న్‌బుల్ స్టోమా చుట్టూ ఒరిసిపోయిన చర్మాన్ని కాపాడడానికి కరాయా బంక పొడిని వాడడం మొదలుపెట్టారు. తడిని పీల్చుకుని జిగురుగా మారి, పచ్చి చర్మం మీద కూడా అంటుకునే ఆ పొడి స్టోమా సంరక్షణ తీరునే మార్చివేసింది. ఆ కరాయా మరేదో కాదు, మన తపసి బంక. తూర్పు కనుమల్లో, నల్లమలలో తపసి చెట్టుకు గాటు పెట్టి గిరిజనులు సేకరించే బంకను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చింది. వేడికీ ఎక్కువ తడికీ తపసి బంక కరిగిపోతుంది కాబట్టి తర్వాతి కాలంలో పెక్టిన్, జెలటిన్, కార్మెలోస్ కలిపిన ప్లేట్లు దాని స్థానాన్ని ఆక్రమించాయి. అయినా పుండు మీద తడిని పీల్చే పొడి చల్లి, దానిపై జిగురు నిలపాలన్న ఆలోచన మాత్రం అప్పటిదే.

బ్యాగు మార్చే పని ఈ పుండు ఉన్నప్పుడు ఎలా సాగాలో కొంచెం దగ్గరగా చూడాలి. తెల్లవారుజామున, కాఫీ కూడా తాగకముందు స్టోమా నెమ్మదిగా ఉంటుంది. ఆ సమయం ఎంచుకుంటే సగం పని తేలిక. అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోవాలి. పేగు వాపు వ్యాధి ఉన్నవారు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా వాడకూడదు, అవి పేగును రెచ్చగొట్టగలవు. పారాసిటమాల్ నయం, అది చాలకపోతే వైద్యుణ్ణి అడగాలి. పాత ప్లేటును ఒక్క గుంజుతో లాగకూడదు. జిగురు వదిలించే స్ప్రే ఉంటే మంచిది, లేకపోతే గోరువెచ్చని నీటిలో ముంచిన మెత్తని గుడ్డతో అంచును తడుపుతూ, ఒక చేత్తో చర్మాన్ని కిందికి అదిమిపట్టి, రెండో చేత్తో ప్లేటును చర్మం నుంచి మెల్లగా విడదీయాలి. కడగడానికి నీరు చాలు. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ తెరిచిన పుండును మరింత గాయపరుస్తాయి. కొబ్బరినూనె, నెయ్యి ప్లేటును అంటనివ్వవు. పసుపు అద్దడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని, కానీ లోతైన పుండులో పొడి ఉండకట్టి మిగిలితే దానిని తీయడానికి మళ్లీ రుద్దవలసి వస్తుంది. ఈ పుండును రుద్దకూడదు.

కడిగిన చోటును అద్ది ఆరబెట్టాక వైద్యుడు చెప్పిన లోషన్ వేసి అయిదు పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత పుండు లోతును బట్టి దానిలో ఆల్జినేట్ వంటి, స్రావాన్ని పీల్చుకునే పట్టీని పుండు ఆకారానికే కత్తిరించి పరచాలి. గట్టిగా కూరకూడదు. దాని మీద పలుచని హైడ్రోకొల్లాయిడ్ పొర (తడిని పీల్చే జిగురు పట్టీ) వేస్తే ప్లేటుకు చదునైన నేల దొరుకుతుంది. ఉబ్బెత్తు ప్లేటు వాడుతున్నవారు ఆ ఒత్తిడి పుండు మీద పడుతున్నదేమో చూసి, పడుతుంటే మెత్తని రకానికి మారాలి. స్రావం ఎక్కువగా ఉన్న తొలి రోజుల్లో రోజు విడిచి రోజు మార్చవలసి రావచ్చు. తగ్గుతున్నకొద్దీ గడువు పెంచాలి, ఎందుకంటే ప్రతి మార్పూ చర్మానికి ఒక దెబ్బే. జిగురు అసలే పనికిరానంత పెద్ద పుండైతే జిగురు లేకుండా బెల్టుతో నిలిచే బ్యాగులు ఉన్నాయి. వారానికి ఒకసారి, ఒకే వెలుతురులో, పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోటో తీసి ఉంచుకుంటే మాటల్లో చెప్పలేనిది వైద్యుడికి చూపించవచ్చు. తగ్గుదలకు మొదటి గుర్తు పుండు చిన్నది కావడం కాదు. నొప్పి తగ్గడం, తర్వాత అంచు వంకాయ రంగు వెలిసిపోవడం. సైజు ఆ తర్వాత తగ్గుతుంది.

పూతలతో లొంగనిది, త్వరగా పెరుగుతున్నది, లేదా పేగు వ్యాధి కూడా చెలరేగి ఉన్నది అయితే లోపలికి మందు ఇవ్వాలి. చాలాకాలంగా మొదటి ఆయుధం ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. బ్రిటన్‌లో జరిగి 2015లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధనలో సుమారు 120 మందికి, శరీరంలో వివిధ చోట్ల ఈ పుండ్లు ఉన్నవారికి, కొందరికి ప్రెడ్నిసలోన్, కొందరికి రోగనిరోధక చర్యను అణచే సైక్లోస్పోరిన్ ఇచ్చి పోల్చారు. ఆరు నెలలకు రెండు జట్టుల్లోనూ పుండు పూర్తిగా మానినవారు 47 శాతం. అంటే సగానికి పైగా రోగులకు ఆరు నెలల తర్వాత కూడా పుండు మిగిలే ఉంది. ఈ అంకెను రోగికి ముందే చెప్పడం అవసరం. రెండు వారాల్లో మానుతుందన్న ఆశతో మొదలుపెట్టినవారు మూడో వారంలో మందు మానేసి నాటువైద్యం వైపు వెళతారు. రెండు మందుల్లో ఏది ఇవ్వాలన్నది పుండును బట్టి కాక మనిషిని బట్టి తేలుతుంది: షుగరు ఉన్నవారికి ప్రెడ్నిసలోన్ కష్టం, రక్తపోటు, మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవారికి సైక్లోస్పోరిన్ కష్టం. ప్రెడ్నిసలోన్‌ను వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపడం ప్రాణాపాయం కావచ్చు. డాప్సోన్ కూడా కొందరికి ఇస్తారు, దానికి ముందు జీ6పీడీ పరీక్ష చేయించాలి, ఆ ఎంజైము లోపించినవారిలో ఈ మందు రక్తకణాలను విరగ్గొడుతుంది.

పేగు వాపు వ్యాధికి ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి సూదిమందులు ఒకే దెబ్బకు పేగునూ పుండునూ శాంతపరచగలవు. 2006లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో 30 మందికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ ఉత్త సెలైన్ వంటిది గానీ ఇచ్చి చూస్తే, రెండు వారాలకే మందు అందినవారిలో 46 శాతం, అందనివారిలో 6 శాతం మెరుగయ్యారు. జపాన్ 2020లో అడాలిముమాబ్‌ను ఈ పుండ్లకే ప్రత్యేకంగా అనుమతించింది. మన దగ్గర ఈ మందులకు రెండు అడ్డంకులు ఉన్నాయి. ఖరీదు ఒకటి. రెండోది మళ్లీ క్షయ: ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయను ఈ మందులు మేల్కొలపగలవు, అందుకే ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష చేయకుండా మొదటి సూది వేయకూడదు.

ఇలియోస్టమీ ఉన్నవారు మాత్రల విషయంలో మరొకటి గమనించాలి. పేగులో నెమ్మదిగా కరిగేలా పొర వేసి చేసిన మాత్రలకు పొడవైన పేగు కావాలి. ఇలియోస్టమీలో దారి మధ్యలోనే ముగుస్తుంది. బ్యాగు ఖాళీ చేసేటప్పుడు పొద్దున మింగిన మాత్ర చెక్కుచెదరకుండా కనిపిస్తే ఆ మందు ఒంటికి పట్టలేదన్నమాట. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచకముందు, పొర లేని మామూలు రకానికి మార్చమని అడగాలి.

ఇంత పనిని ఒక శస్త్రవైద్యుడు పది నిమిషాల ఓపీలో చేయలేడు. జీర్ణకోశ వైద్యుడు, చర్మవైద్యుడు, శస్త్రవైద్యుడు ఒకే మాట మీద ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యంగా స్టోమా నర్సు ఉండాలి. ప్రపంచంలో మొదటి స్టోమా సంరక్షకురాలిగా గుర్తింపు పొందిన నార్మా గిల్ తానే అల్సరేటివ్ కొలైటిస్ రోగి. ఆమె ఒంటి మీద కూడా ఈ పయోడెర్మా పుండ్లే వచ్చాయి. 1954లో టర్న్‌బుల్ చేతుల మీదుగా ఇలియోస్టమీ చేయించుకుని కోలుకున్న ఆమెను ఆయనే 1958లో తన రోగుల సంరక్షణకు పనిలోకి తీసుకున్నారు. 1961లో వారిద్దరూ ఆ పనికి శిక్షణ మొదలుపెట్టారు. ఆమె వేసిన దారిలో శిక్షణ పొందిన నర్సులు మన రాష్ట్రాల్లో పెద్ద నగరాల ఆసుపత్రులు దాటితే దొరకడం కష్టం. జిల్లా కేంద్రంలో శస్త్రచికిత్స జరిగిన మనిషికి బ్యాగు ఎలా కత్తిరించాలో చెప్పేది చాలాసార్లు మందుల దుకాణం కుర్రవాడే. బ్యాగుల ఖర్చు ఎలాగూ ఇంటి మీద పడుతుంది. దానిని తగ్గించుకోవడానికి ఒకే ప్లేటును వారం దాటి లాగించడం, కారుతున్నా టేపు అతికించి నెట్టుకురావడం మామూలైపోయింది. మే నెల ఎండలో చెమటకు జిగురు ఇంకా త్వరగా వదులుతుంది. శస్త్రచికిత్సకు డబ్బు ఇచ్చే ఏ పథకమైనా ఆ తర్వాతి బ్యాగులకూ, శిక్షణ పొందిన నర్సుకూ ఇవ్వకపోతే ఇచ్చిన డబ్బులో కొంత ఈ పుండ్ల మీదనే వృథా అవుతుంది.

స్టోమాను మరో చోటికి మార్చేస్తే పోతుంది కదా అన్న ఆలోచన తరచుగా వస్తుంది. వ్యాధి చెలరేగి ఉన్నప్పుడు మార్చితే కొత్త చోట కూడా పుండు లేవవచ్చు, పాత కోత కూడా పుండుగా మారవచ్చు. కాబట్టి మార్చక తప్పని పరిస్థితి వస్తే మందులతో వ్యాధిని అణచిన తర్వాతే చేయాలి. తాత్కాలికంగా పెట్టిన స్టోమా అయితే, పేగు పరిస్థితి అనుమతిస్తే, దానిని మూసివేయడం చాలామందిలో పుండుకు కూడా ముగింపు పలుకుతుంది. పెద్దపేగుతో పాటు మలాశయాన్ని, మలద్వారాన్ని కూడా తీసేసిన వారికి ఆ దారి ఉండదు.

మానిన పుండు చదునైన చర్మాన్ని వదలదు. జల్లెడ చిల్లుల్లాంటి గుంటలతో, ముడతలతో మచ్చ మిగులుతుంది, ఆ గుంటల్లో నుంచి ద్రవం కారుతుంది. స్టోమా పేస్టుతోనో, మెత్తని జిగురు రింగుతోనో ఆ గుంటలను నింపి చదును చేశాకనే ప్లేటు అంటించాలి. మందు ఆపిన తర్వాత తొలి నెలల్లో పుండు తిరగబెట్టే అవకాశం ఉంటుంది. ఇందాక చెప్పిన 2015 పరిశోధనలో మానినవారిలో 30 శాతం దరిదాపుల్లో మళ్లీ వచ్చింది. బ్యాగు మార్చినప్పుడల్లా ఒక చేతి అద్దం పట్టుకుని స్టోమా కింది వైపు కూడా చూసుకోవాలి, అక్కడ కంటికి ఆనదు. కొత్తగా ఒక ఎర్రటి బుడిపె కనిపించి, దాని నొప్పి దాని సైజుకు మించి ఉంటే, దానిని చిదమకుండా, కోయనివ్వకుండా, పాత ఫోటోలతో సహా అదే వారంలో చర్మవైద్యుడికి చూపించాలి.